పొర తీశాక మిగిలే నంబర్

శుక్లం ఆపరేషన్ అయిన మర్నాడు కట్టు విప్పగానే చాలామంది మొదట మాట్లాడేది వెలుతురు గురించి. గోడ ఇంత తెల్లగా ఉందా అంటారు, ఎదురుగా నిలబడిన కోడలి చీర రంగు చెబుతారు. ఏళ్ల తరబడి పసుపచ్చని తెర వెనక నుంచి లోకాన్ని చూసిన కంటికి అది నిజంగా పండగే. వారం తిరిగేసరికి రెండో మాట మొదలవుతుంది. వెలుగైతే వచ్చింది గానీ బస్సు బోర్డు మీద అక్షరాలు ఒకదాంట్లో ఒకటి అల్లుకుపోతున్నాయి. వీధి దీపం గుండ్రంగా కాకుండా ఒక పక్కకి సాగినట్టుంది. పేపర్లో ‘ద’కీ ‘ధ’కీ తేడా చెప్పే కింది చిన్న గీత ఉందో లేదో తేలడం లేదు. ‘వయసు మీద పడింది కదా, అంతే’ అని ఇంట్లోవాళ్లు సర్దిచెబుతారు. ఆరు వారాలకి అద్దాల చీటీ చేతికొస్తుంది. అందులో ‘−1.50 × 90’ లాంటి అంకె ఒకటి ఉంటుంది. అద్దాల షాపువాళ్లు దాన్నే సిలిండర్ నంబర్ అంటారు, డాక్టర్లు ఆస్టిగ్మాటిజం అంటారు. ఆ అంకెలో వయసు వాటా కొంత, ఆపరేషన్‌లో పెట్టిన కోత వాటా కొంత. కోత వాటాని ముందే అంచనా వెయ్యొచ్చు, చాలామందిలో పైసా ఖర్చు లేకుండా తగ్గించొచ్చు. అందుకే ఆపరేషన్ ఎలా జరిగిందని తేల్చేటప్పుడు పొర తీశారా, లెన్సు పెట్టారా అని అడిగి ఊరుకోకూడదు. అద్దాలు పెట్టుకోకుండా ఆ మనిషి ఎంతవరకు చూడగలుగుతున్నాడో కూడా లెక్కలోకి రావాలి.

ముందు ఈ సిలిండర్ సంగతి. నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉబ్బెత్తుగా ఉండే పారదర్శకమైన పొర కార్నియా. కంటి మొత్తం శక్తి సుమారు 60 డయాప్టర్లయితే, అందులో 43 దాకా కార్నియాదే. మిగతాది లోపలి లెన్సుది. కార్నియా క్రికెట్ బంతిలా అన్ని దిక్కులా ఒకే వంపుతో ఉంటే వెలుతురంతా ఒకే చుక్క దగ్గర కలుస్తుంది. కోడిగుడ్డు వీపులా ఒక దిక్కు ఎక్కువ, దానికి అడ్డంగా తక్కువ వంపు ఉంటే చుక్క ఏర్పడదు, గీతలు ఏర్పడతాయి. అందుకే మసక అన్ని పక్కలా సమానంగా ఉండదు. ఒక దిక్కు గీతలు తేటగా, మరో దిక్కువి పాకినట్టు కనిపిస్తాయి. తన కంట్లో ఉన్న ఈ లోపాన్ని ఇంగ్లిష్ శాస్త్రవేత్త థామస్ యంగ్ 1801లోనే వర్ణించాడు. 1825లో జార్జి ఎయిరీ అనే ఖగోళ శాస్త్రవేత్త తన కంటికి సిలిండర్ అద్దం తయారు చేయించుకున్నాడు. దాదాపు రెండొందల ఏళ్ల కిందటే విరుగుడు దొరికిన లోపం ఇది.

వయసుతోపాటు ఈ వంపు దిశ కూడా మారుతుంది. కుర్రతనంలో ఎక్కువమందికి కార్నియా నిలువు దిశలో కాస్త ఎక్కువ వంగి ఉంటుంది. అరవై దాటేసరికి నిలువు వంపు సడలి, అడ్డం వంపుదే పైచేయి అవుతుంది. చీటీలో మైనస్ నంబర్ పక్కన 90 అనో, దానికి అటూ ఇటూగానో కనిపించేది ఈ అడ్డం వంపే. శుక్లం వచ్చే వయసూ ఇదే. 2010లో జర్మనీ వైద్యులు శుక్లం ఆపరేషన్‌కి వచ్చిన 23,239 కళ్ల కొలతలు ప్రచురించారు. వాటిలో 36 శాతం కళ్లకు కార్నియాలో ఒక డయాప్టర్ కంటే ఎక్కువ ఆస్టిగ్మాటిజం ఉంది, 8 శాతానికి రెండు డయాప్టర్లు దాటింది. అంటే వందమంది ఆపరేషన్ బల్ల ఎక్కితే ముప్ఫై ఆరుగురు సిలిండర్‌ని వెంటబెట్టుకునే వస్తున్నారన్నమాట. పాత కళ్లద్దాల నంబర్ చూసి దీన్ని పట్టుకోలేం. ఆ నంబర్లో లోపలి లెన్సు వంకర కూడా కలిసి ఉంటుంది, ఆ లెన్సేమో ఆపరేషన్‌లో వెళ్లిపోతుంది. ఇద్దరి అప్పులో ఒకరు తప్పుకుంటే రెండోవారి బాకీ ఎంతో బయటపడినట్టు, లెన్సు తీసేశాక కార్నియా అసలు వంకర బయటపడుతుంది. కొలవాల్సింది కార్నియానే.

ఇక కోత. కార్నియా లోపలి ఒత్తిడితో బిగువుగా నిలబడిన గుమ్మటం లాంటిది. దాని అంచున ఒకచోట కోస్తే ఆ చోట బిగువు సడలుతుంది. కోత అంచులు వెంట్రుకవాసి జరిగినా చాలు, ఆ దిక్కున గుమ్మటం చదునవుతుంది. దానికి అడ్డంగా ఉన్న దిక్కు ఆ మేరకు నిక్కుతుంది. ఎంత చదునవుతుందనేది కోత పొడవు మీద ఆధారపడుతుంది, ఆ సంబంధం నిటారుగా ఎక్కే మెట్ల లాంటిది. పొడవు ఘనంతో పాటు వంకర పెరుగుతుందని 1990ల మొదట్లో ప్రయోగాలు చూపాయి. కోత సగానికి తగ్గితే వంకర సగం కాదు, ఎనిమిదో వంతవుతుంది. కోత నల్లగుడ్డుకి ఎంత దూరంగా, తెల్లగుడ్డులోకి జరిగితే ప్రభావం అంత తగ్గుతుంది. ఒకప్పుడు పొరని మొత్తంగా బయటికి లాగడానికి పది, పన్నెండు మిల్లీమీటర్ల కోత పెట్టి, వెంట్రుక కంటే సన్నని నైలాన్ దారంతో కుట్లు వేసేవారు. కుట్టు బిగిస్తే ఆ దిక్కు నిక్కేది, వదులైతే చదునయ్యేది. ఆరేడు వారాలకి ఏ కుట్టు తెంపాలో కొలిచి చూసి తెంపడమే ఒక విద్యగా ఉండేది. ఇప్పుడు ఊళ్లలో ఎక్కువగా చేసే కుట్లు లేని చిన్న కోత ఆపరేషన్‌కి ఆరేడు మిల్లీమీటర్లు చాలు. తెల్లగుడ్డులో సొరంగంలా తొలుస్తారు, దాని తలుపు లోపలి ఒత్తిడికే మూసుకుంటుంది. ఫేకో పద్ధతిలో అల్ట్రాసౌండ్‌తో పొరని లోపలే ముక్కలుచేసి పీల్చి, మడత లెన్సుని రెండున్నర మిల్లీమీటర్ల దారిలో పంపుతారు. జనం దీన్నే లేజర్ ఆపరేషన్ అంటుంటారు గానీ అందులో లేజర్ ఉండదు.

పొడవు తర్వాత వచ్చే ప్రశ్న కోత ఎక్కడ అన్నది. నా మటుకు నాకు ఈ మొత్తం వ్యవహారంలో అసలు కీలకం ఇదే. డాక్టర్ రోగి తల వెనక కూర్చుంటాడు కాబట్టి, గడియారంలో పన్నెండు గంటల చోట, పై రెప్ప కింద కోత పెట్టడం అలవాటుగా వచ్చింది. పైన కోస్తే నిలువు వంపు చదునవుతుంది, అడ్డం వంపు నిక్కుతుంది. ముసలి కంటికి అప్పటికే అడ్డం వంపు ఎక్కువ. అంటే వయసు వంచినవైపే కోత కూడా వంచుతుంది. అదే కోతని కణత వైపు, చెవి దిక్కుగా పెడితే అడ్డం వంపు చదునవుతుంది, వయసు తెచ్చిన వంకరలో కొంత తగ్గుతుంది. 2005లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఆఫ్తాల్మాలజీలో వచ్చిన ఒక అధ్యయనం ఇదే చిన్న కోత ఆపరేషన్‌లో కోతని మూడుచోట్ల పెట్టి పోల్చింది. పైన కోసినప్పుడు కొత్తగా చేరిన ఆస్టిగ్మాటిజం సగటున 1.28 డయాప్టర్లు. పై మూలకి, కణతకేసి జరిపినప్పుడు 0.20. పూర్తిగా కణత వైపు పెట్టినప్పుడు 0.37, అదీ వయసు వంకరకి ఎదురు దిశలో. అదే ఆపరేషన్, అదే తరహా లెన్సు. మారింది కోత చోటు ఒక్కటే. ఒక డయాప్టర్ పైచిలుకు తేడా అంటే దూరపు అక్షరాలు తేలడానికీ అలుక్కుపోవడానికీ ఉన్న తేడా.

‘అద్దాలు ఉన్నాయి కదా, ఒకటిన్నర సిలిండర్‌కి ఇంత గోల ఎందుకు’ అనేది మొట్టమొదట వచ్చే అభ్యంతరం. అద్దాలతో చూపు సరవుతుందన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. పుణెలో 400 కళ్ల మీద ఫేకోనీ చిన్న కోత పద్ధతినీ పోల్చి 2005లో ప్రచురించిన పరిశోధనలో, ఆరు వారాలకి సరైన అద్దాలు పెట్టి చూస్తే రెండు వర్గాల్లోనూ 98 శాతం పైగా కళ్లు కంటి చార్టులో 6/18 గీతని గానీ అంతకంటే మెరుగైనదాన్ని గానీ చదివాయి. అద్దాలు తీసేసి చూస్తే ఫేకో వర్గంలో 81 శాతం, చిన్న కోత వర్గంలో 71 శాతం మాత్రమే ఆ గీత దాటాయి. అంతకు రెండేళ్ల ముందు, అదే నగరంలో పెద్ద కోత పద్ధతిని చిన్న కోతతో పోల్చినప్పుడు అద్దాలు లేని చూపు 37 శాతం, 48 శాతం దగ్గర ఆగింది. అద్దాలతో చూస్తే మాత్రం రెండు వర్గాలూ 90 శాతానికి దగ్గరగా వచ్చాయి. ఈ అంకెల మధ్య ఉన్న ఖాళీని నింపాల్సింది అద్దాలే. వాటి గతి మనకి తెలియంది కాదు. సంతలో, బస్టాండులో దొరికే రెడీమేడ్ చత్వారం అద్దాల్లో సిలిండర్ ఉండదు. సిలిండర్ అద్దాన్ని మనిషి కొలత తీసి, గీత తిప్పి, విడిగా చేయాలి. ఫ్రేము విరిగితే మళ్లీ పట్నం వెళ్లాలి. పొలంలో చెమటకి జారిపోయే అద్దాన్ని జేబులో పెట్టుకునే రైతుకి ఆ అద్దం లేనట్టే లెక్క. 1996 నుంచి 2000 దాకా హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పదివేల మందికి పైగా పరీక్షించిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం, అంధత్వ కారణాల్లో శుక్లం 44 శాతమని, దాని తర్వాత స్థానం దృష్టిదోషాలదేనని, అవి 16 శాతమని తేల్చింది. కేవలం సరైన అద్దం లేక గుడ్డితనం లెక్కలోకి వెళ్లినవాళ్లు అంతమంది. అద్దాలున్నాయి కదా అనేముందు ఆ అంకెని ఒకసారి తలచుకోవాలి.

అలాగైతే అందరికీ ఫేకో చేసేయొచ్చు కదా అనేది రెండో మాట. పట్నం ఆసుపత్రుల బోర్డులు చూసిన వాళ్లకి అలా తోచడం సహజం. నేపాల్‌లో 108 మంది రోగులపై జరిగి 2007లో వెలువడిన పోలిక ఈ ఊహని నిలబడనివ్వదు. అక్కడ ఫేకోని, కణత వైపు పెట్టిన చిన్న కోతతో పోల్చారు. చేసింది ఆయా పద్ధతుల్లో ఆరితేరిన సర్జన్లు. ఆరు నెలలకి మిగిలిన సగటు ఆస్టిగ్మాటిజం ఫేకోలో 0.7, చిన్న కోతలో 0.88. గణాంక శాస్త్రం దృష్టిలో అది తేడా కిందికి రాదు. అద్దాలు లేకుండా ఓ మోస్తరు చూపు అందుకున్న కళ్లు ఫేకోలో 85 శాతమైతే చిన్న కోతలో 89 శాతం. చిన్న కోతకి పట్టింది తొమ్మిది నిమిషాలు, ఫేకోకి పదిహేనున్నర. పైగా మన ఊళ్లలో ముదిరి బండబారిన పొరలతో వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి గట్టి పొరని ఫేకోతో కరిగించడం కార్నియాకే భారం. పుణె, నేపాల్ ఫలితాలు పక్కపక్కన పెట్టి చదివితే నాకు అర్థమయ్యేది ఒక్కటే. చిన్న కోత పద్ధతి మీద పడుతున్న నిందలో పెద్ద పాలు పద్ధతిది కాదు, కోత చోటుది.

సర్జన్ల వైపు నుంచి వచ్చే అభ్యంతరం ఇంకా బరువైంది, దానికి నిజాయితీగా జవాబు చెప్పాలి. పైన పెట్టిన కోతని రెప్ప దుప్పటిలా కప్పి కాపాడుతుంది. కణత వైపు కోత బయటికి కనిపిస్తూ ఉంటుంది, చెయ్యి తగిలినా దుమ్ము పడినా నేరుగా దానికే. సర్జన్ కుర్చీ, మైక్రోస్కోపు పక్కకి జరపాలి, కుడి కంటికీ ఎడమ కంటికీ చోటు మార్చుకోవాలి. ఇరవై ఏళ్లుగా ఒకే చోట కూర్చుని అలవాటైన చేతికి ఇది చిన్న మార్పేం కాదు. పైగా నిలువు వంపు ఎక్కువ ఉన్న కంటికి పై కోతే మేలు చేస్తుంది. ఇదంతా ఒప్పుకోవాల్సిందే. అందరికీ కణత వైపే కొయ్యమనడం, అందరికీ పైనే కొయ్యడం లాంటి గుడ్డి అలవాటే అవుతుంది. కావలసింది ముందు కొలత, ఆ తర్వాత కోత. మధ్యేమార్గంగా పై మూలలో పెట్టే కోతకి రెప్ప నీడా ఉంటుంది, వంకరా తక్కువే. విల్లు బోర్లించిన ఆకారంలో గీసిన కోత అంచులు సులువుగా జారవు, అదీ కలిసొస్తుంది.

‘రోజుకి యాభై, వంద కళ్లు చేసే చోట ఈ కొలతలకి తీరికెక్కడిది’ అనే ప్రశ్న వినిపిస్తుంది. దీనికి సమాధానం ఆసుపత్రి కాగితంలోనే ఉంది. ఏ కంటిలో ఎంత పవర్ లెన్సు పెట్టాలో లెక్కగట్టడానికి రెండే రెండు కొలతలు ముఖ్యం. కంటి పొడవు ఒకటి, కార్నియా వంపు ఇంకొకటి. ఈ వంపుని కెరటోమీటర్‌తో రెండు దిశల్లో తీస్తారు. రోగి గడ్డం ఆనించి కూర్చుంటే, కంటి మీద పడిన వెలుగు బొమ్మల ప్రతిబింబాన్ని ఒకదానికొకటి తాకేలా జరిపి అంకె చదువుతారు. కాగితం మీద కె1 43.00, కె2 44.50, పక్కన డిగ్రీలు అని రాస్తారు. లెన్సు లెక్కకి ఆ రెంటి సగటు తీసుకుని వదిలేస్తారు. ఆ రెంటికీ ఉన్న తేడాయే ఆస్టిగ్మాటిజం, ఎక్కువ అంకె పక్కనున్న డిగ్రీయే కోత చోటు. కొత్త పరీక్ష అక్కర్లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు. ఇప్పటికే రాసిన అంకెని ఒక్కసారి తీసివేత చేసి, కన్ను పైన పెన్నుతో బాణం గుర్తు పెడితే సర్జన్‌కి దారి తెలిసిపోతుంది. ఇంత చేరువలో ఉన్న సమాచారం వాడకుండా పోతుంటే చూస్తూ ఊరుకోవడం కష్టం.

టోరిక్ లెన్సు మాట కూడా చెప్పుకోవాలి. సిలిండర్‌ని లెన్సులోనే కలిపి తయారుచేసేది ఇది. కార్నియాలో రెండు డయాప్టర్లు మించిన వంకర ఉంటే కోత చోటు మార్చి సరిచేయలేం, అక్కడ దీని విలువ నిజమైనది. కానీ ఇది గీత తప్పితే పని తప్పే వస్తువు. లెన్సు కంటిలో ఒక్క డిగ్రీ తిరిగితే దాని శక్తిలో మూడు శాతం పైగా పోతుంది. పది డిగ్రీలకి మూడో వంతు, ముప్ఫై డిగ్రీలకి మొత్తం పోతుంది. అది దాటితే ఉన్న వంకర కంటే ఎక్కువవుతుంది. పడుకోగానే కనుగుడ్డు తన ఇరుసు మీద కొద్దిగా తిరుగుతుంది కాబట్టి, రోగిని కూర్చోబెట్టి ఉండగానే నల్లగుడ్డు అంచున సిరా గుర్తులు పెట్టాలి. కార్నియా వెనక వైపుకీ తనదైన వంపు ఉంటుందని, సగటున 0.3 డయాప్టర్ల మేర అడ్డం వంకర తెస్తుందని 2012లో హ్యూస్టన్ పరిశోధకులు చూపించాక, ముందు వైపు మాత్రమే కొలిచి వేసే పాత లెక్కలు సవరించుకోవలసి వచ్చింది. ఇన్ని జాగ్రత్తలు తీసుకునే చోట టోరిక్ లెన్సు మంచి పెట్టుబడే. అద్దాలే అక్కర్లేదన్న ప్రకటన చూసి, ముప్పాతిక డయాప్టర్ వంకర కోసం అప్పు చేసి పెట్టించుకోవడం మాత్రం వృథా ఖర్చు. దానికి సరైన చోట పెట్టిన కోత చాలు.

కొంచెం అడ్డం వంకర మిగిలితే చత్వారం అద్దాలు లేకుండా దగ్గరవి చదవడానికి పనికొస్తుందని కొందరు డాక్టర్లు వాదిస్తారు. అందులో నిజం ఉంది. వేర్వేరు దిశల్లో వెలుతురు వేర్వేరు దూరాల్లో కలుస్తుంది కాబట్టి దూరానికీ దగ్గరకీ కొంత కొంత అందుతుంది. దానికి మూల్యం రెండుచోట్లా స్పష్టత తగ్గడం. అది తెలిసి, రోగితో మాట్లాడి మిగిల్చిన అర డయాప్టర్ అయితే అభ్యంతరం లేదు. చూసుకోక మిగిలిన ఒకటిన్నరని ఈ వాదంతో కప్పిపుచ్చడం కుదరదు. కోత ఎలా పెట్టినా కాలంతోపాటు కన్ను మారుతూనే ఉంటుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. మారుతుంది. జపాన్‌లో కుట్లు లేని ఆపరేషన్ అయిన కళ్లని పదేళ్లు వెంటాడి చూస్తే, ఆపరేషన్ జరగని కళ్లలాగే అవీ మెల్లగా అడ్డం వంకర వైపు జరిగాయి. ఆ జరుగుడు పదేళ్లకి డయాప్టర్‌లో మూడో వంతు దరిదాపుల్లో ఉంటుంది. మొదటి నెలలో చేరిన డయాప్టర్ పక్కన అది చిన్నదే. దీన్నిబట్టి తేలేది, ముసలి కంటికి కొద్దిగా నిలువు వంపు మిగిల్చి పంపితే వచ్చే పదేళ్ల మార్పుకి ముందే జాగా వదిలినట్టవుతుందని.

ఏం లెక్కపెడతామో దాన్నే బాగుచేస్తాం. మన దగ్గర ఏడాదికి ఎన్ని ఆపరేషన్లు అన్నది చాలాకాలం ఏకైక లెక్కగా ఉంది. శుక్లంతో గుడ్డితనం కొండలా పేరుకున్న రోజుల్లో ఆ లెక్క అవసరమైంది, దాని పుణ్యాన లక్షలమందికి చూపొచ్చింది. అయితే ఆపరేషన్ అయిన కళ్లలో నూటికి ఎనభై, ఆ మనిషి మామూలుగా ఉన్న స్థితిలోనే, అంటే అద్దం ఉంటే అద్దంతో లేకపోతే లేకుండా, 6/18 చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లోనే చెప్పింది. ఇప్పుడు వాడుతున్న కొలబద్ద ఇంకా గట్టిది. ఆపరేషన్ అందినవాళ్లలో 6/12 చూపు వచ్చినవాళ్లనే లెక్కలోకి తీసుకుంటారు. 2030 నాటికి ఆ లెక్క 30 శాతం పాయింట్లు పెరగాలని 2021లో ప్రపంచ ఆరోగ్య సభ లక్ష్యం పెట్టుకుంది. ఈ కొలబద్ద ముందు మిగిలిపోయిన సిలిండర్ దాక్కోలేదు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న మొదలైన కంటి వెలుగు కార్యక్రమాలు ఊరూరా, బడిబడికీ పరీక్షలు తీసుకెళ్లి అద్దాలు పంచాయి. తెలంగాణలో చత్వారం అద్దాలు అక్కడికక్కడే ఇచ్చి, మిగతా నంబర్లవి చేయించి తర్వాత అందజేశారు. అలాంటి శిబిరం ఎక్కడ పెట్టినా ఆపరేషన్ అయిన కళ్లని వేరే గడిలో రాసి, సిలిండర్ ఎంత మిగిలిందో, ఏ దిశలో మిగిలిందో ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి తిరిగి పంపితే, ఏ బల్ల మీద ఏ చోట కోత మార్చాలో ఆ కాగితమే చెబుతుంది.

ఆరు వారాల చూపు పరీక్షకి రాకుండా మానేసేవాళ్లు చాలామంది. చుక్కల మందు అయిపోయింది, ఎరుపు తగ్గింది, మళ్లీ బస్సు ఖర్చెందుకు అనుకుంటారు. కోత కుదురుకుని నంబర్ నిలకడగా నిలబడేది అప్పుడే. అప్పుడు రాసిన చీటీ ఆ కంటి అద్దానికే కాదు, రెండో కంటి ఆపరేషన్‌కీ పనికొస్తుంది. ఒకే మనిషి రెండు కార్నియాలు చాలావరకు అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి. మొదటి కంటికి ఎక్కడ కోస్తే ఎంత వంకర వచ్చిందో ఆ చీటీలో ఉంది. అమ్మనో నాన్ననో రెండో కంటికి తీసుకెళ్లేటప్పుడు దాన్ని, కె1, కె2 అంకెలున్న ఆపరేషన్ ముందటి కాగితాన్ని కలిపి పట్టుకెళ్లండి. మొదటి కంట్లో సిలిండర్ ఎంత మిగిలింది, ఈసారి కోత ఎటు పెడతారు అని డాక్టరుగారిని అడగండి.